నీళ్లు పడని ఫైలు

మా వీధిలో నెట్ సెంటర్ నడిపిన అన్నను తలచుకుంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది. అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. మనుషులకు ఇళ్లు కట్టి కాపురాలు పెట్టించే కంప్యూటర్ ఆటంటే ఆయనకు పిచ్చి. ఇంటర్నెట్‌లో దొరికే సోఫాలు, చీరలు ఆ ఆటలోకి ఎక్కించేవాడు. ఎక్కించిన ప్రతిసారీ మానిటర్‌ను తాకి, వేళ్లు కళ్లకద్దుకునేవాడు.

ఒకరోజు ఆ ఆట పాత వెర్షన్‌లోని ఫౌంటెన్ ఫైలును కొత్త వెర్షన్‌కు మార్చి, దానికి బోరు బొమ్మ తొడిగాడు. ఆట తెరిస్తే బోరు కనిపించింది కానీ నీళ్లు రాలేదు. ఫైలును మళ్లీ మార్చి ఎక్కించినా అంతే. ఇక బోరునే పెరికి ఇంకోచోట పెట్టాడు. అక్కడా రాలేదు. కళ్లకద్దుకుని మరోచోట పెట్టాడు. శింగనమల దగ్గర వాళ్ల నాయన కూడా తన చేనంతా ఇట్లాగే ఆరు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు.

నేను చూడలేకపోయాను. "అన్నా, మార్చేటప్పుడే నీళ్లు పోయినాయి. ఆ ఫైల్లోనే లేవు. యాడ పెట్టినా రావు."

ఆయన తెరమీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెలీదా అప్పా? ఫైల్లోనే లేవనుకుంటే ఇంక చేసేదేముండాది? చోటు తప్పనుకుంటే ఇంకో తావ పెట్టి చూడొచ్చు గదా."