నాలుగింటికి వచ్చే పలకరింపు

మీరంతా కులాసాయేనా? ఫరంపేటలో పెద్దవాళ్ళ ఆయాసం ఎలా ఉంది? మెట్టకూరులో పసిపిల్లల జ్వరాలు తగ్గాయా? అగ్రహారంలో బాలింతలు వేళకి తింటున్నారా? అడగకుండా ఉండలేను, నా స్వభావం అంతే. మా మేడమీద ఆరేళ్ళు అద్దెకున్న కంప్యూటర్ మేష్టారు మొన్న మంగళవారం పోయారు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారట. టీ తెచ్చినామె రెండుసార్లు పిలిచిందట.

నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని. ఆయన పని నాకేం తెలుస్తుంది? రొయ్యల కంపెనీలో చెరువుల కబుర్లు ఐసు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ కబుర్లు లారీ డ్రైవర్లకి, ఏది ఎటు వెళ్ళాలో యంత్రానికి రాసి చెప్పేవారు. దానికొక భాష ఉందట. ఆ భాషకి రాని పనులు నేర్పడం ఆయనకి సరదా. వాటిని ఫంక్షన్లు అంటారట.

"మామ్మగారూ, పోపు ఎలా పెట్టాలో కోడలికి రోజూ చెబుతారాండీ?" అన్నారొకసారి.

"ఎందుకు చెబుతానండీ? పోపెయ్యి అంటే ఏసేస్తాది."

"ఇదీ అంతేనండి. ఒక్కసారి రాసి పేరెడితే చాలు. ఆ తరవాత ఎక్కణ్నుంచి పిలిచినా పలుకుద్ది."

ఆదివారం పదింటికి కాఫీకి దిగేవారు. గుండె మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగడం ఆయన అలవాటు. నేను వరసగా అందరి ఆరోగ్యాలూ మాట్లాడేదాన్ని. ఒక ఆదివారం పాత క్యాలెండర్ కాగితం వెనక నా మాటలన్నీ రాసుకున్నారు.

"రాసుకుంటున్నారేంటండీ?"

"మీ ఆరాలేనండి. మా కంపెనీ కబుర్లు మరీ ఎండిపోయున్నాయి. 'ఐసు లారీ బయల్దేరింది' అంటే ఎవరికి ఆప్యాయంగా ఉంటాది?"

అలా ఒక ఫంక్షన్ కట్టి దానికి 'మామ్మ' అని పేరు పెట్టారు. అప్పట్నుంచి చెరువు కాపలావాళ్ళకి వెళ్ళే ప్రతి కబురుకీ ముందు నా ప్రశ్నలే. నా ఫోన్‌కి కూడా రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చేవి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే మనవరాలు చదివి పెట్టేది. నాకొచ్చేవాటి చివర మాత్రం 'ఆదివారం పదింటికి వస్తున్నాను' అని ఆయన మాట, పక్కన తేదీ. ఆ తేదీ యంత్రమే లెక్కేసుకుంటుందట.

అందరి ఆరోగ్యాలూ అయ్యాక నేనడిగే ఆఖరి ప్రశ్న ఒకటుండేది: "మేష్టారికి గుండెల్లో మంట తగ్గిందా?" అదీ వదలకుండా రాసేశారు. "గ్యాసండీ మామ్మగారూ. మీరు భయపడితే నాకు ఆకలేస్తాది" అని నవ్వేవారు. పోయిన ఆదివారం మబ్బు పట్టింది. ఎండబెట్టిన వడియాలు తడుస్తాయన్న కంగారులో ఆ ఒక్క ప్రశ్నే అడగలేదు.

బుధవారం ఆయన తాలూకువాళ్ళొచ్చి సొంతూరికి తీసుకెళ్ళిపోయారు. నాలుగింటికి ఫోన్ మోగింది. మనవరాలు చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేసింది. 'మేష్టారికి గుండెల్లో మంట తగ్గిందా? ఆదివారం పదింటికి వస్తున్నాను.'

"ఆపించెయ్యండత్తయ్యా," అంది కోడలు. "పోయినోళ్ళ చేత రోజూ పలికిస్తా ఉంటే, ఆళ్ళెలా కదుల్తారు?"

ఆ మాటతో నాకు, ఆయన ఏ గుమ్మం దగ్గర ఆగిపోయారో అని ఒకటే గుబులు.

నిన్న ఆయన ఆఫీసమ్మాయి వచ్చింది. "ఆ 'మామ్మ' ఫంక్షన్ తీసేస్తానండీ మామ్మగారూ. అన్నిచోట్ల నుంచీ ఆ ఒక్కదాన్నే పిలుస్తున్నాం. అది తీస్తే అందరికీ ఆగిపోద్ది," అంటూనే తన ఫోన్ చూపించింది. అగ్రహారం వైపు చెరువు కాపలా అతను మేష్టారి గుండెల్లో మంట ప్రశ్నకి జవాబు పంపాడట. ఆ అమ్మాయే చదివింది: 'తగ్గినట్టే ఉందండి. నిన్న గట్టు మీద కనబడ్డారు. గుండె మీద చెయ్యి లేదు.'

"మేష్టారు పోయిన సంగతి అతనికి తెలీదేమోనమ్మా?"

"మంగళవారమే ఫోన్ చేసి చెప్పానండి," అంది.

తీసెయ్యమనడానికి నోరు రాలేదు. ఉంచమనడానికి ధైర్యం చాల్లేదు. "ఒక్క ఆదివారం ఆగమ్మా. నేనడగాల్సిందొకటి ఉండిపోయింది. అడిగేశాక తీసేద్దువుగాని," అన్నాను.

"అయితే నేనూ ఆ వేళకే వస్తానండి. మీ ఎదురుగానే తీసేస్తాను."

ఇవాళా నాలుగింటికి పలకరింపు వచ్చింది. కాఫీ గ్లాసులు మూడు కడిగి బోర్లించాను. మేడ మెట్ల వైపు తలుపు గడియ తీసే ఉంచాను. ఆయన వస్తానన్నది రేపే, ఆదివారం, పదిహేడో తారీఖు, ఉదయం పది గంటలకి.