పాలు పిండే వేళకి పెట్టిన సభ

“మైకు ఇటియ్యన్నా!” అని నేను అరుస్తుంటే ఆఫీసరు ఫైలు మూసేస్తున్నాడు. మా బర్రెల కొట్టం పక్కన చెత్త డంపు పెట్టడం గురించి బస్తీవాళ్ళ అభిప్రాయం అడిగే సభ అది. పెట్టింది మాత్రం సాయంత్రం నాలుగింటికి, సరిగ్గా పాలు పిండే వేళకి. అమ్మతో సహా కొట్టాలవాళ్ళెవరూ రాలేకపోయారు.

“ఎవ్వరు రాలే గదమ్మా. అంటే అందరికి ఇష్టమే,” అన్నాడు.

“బర్రెలు మీ టైం చూస్కొని పాలిస్తయా సార్? పొద్దుగాల పదింటికి పెడ్తే ఏం పోతుండె?”

“గంత ఫికరుంటే రేపు రాసియ్యి,” అని నవ్వాడు. ఇదేం రాస్తుందిలే అన్నట్టున్న ఆ నవ్వుకి, పదో తరగతి తప్పిన నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున మా హుస్సేనీ ఆలం బస్తీలో ప్రతి గడప దగ్గరా, ‘చెత్త డంపు మాకొద్దు’ అని నేను రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే పాలు పోశాను.