ఇసుర్రాయికి అవతలి వైపు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను రామన్నపేట పక్క పల్లె నుంచి వచ్చిన సువార్తమ్మను. మాట్లాడటం సరిగ్గా రాదు, ఏడుపు మాత్రం తొందరగా వస్తుంది, కాస్త ఓర్చుకోండి.

మా ఊరి మగవాళ్లు సగంమంది సాగర్ ఆనకట్ట పనికి వెళ్లిన ఏడాది అది, మా ఆయన కూడా వాళ్లతో వెళ్లాడు, ఇంట్లో నేనూ పదహారేళ్ల నా బిడ్డ రూతూ మిగిలాం. గుడిలో కీర్తన ఎత్తుకునేది రూతే, తన గొంతు లేస్తేగాని మిగతా వాళ్లకు రాగం దొరికేది కాదు, అలాంటి పిల్ల ఆ ఎండాకాలం పాడటం మానింది, తర్వాత తల దువ్వుకోవటం మానింది, ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు గూకినా లేచేది కాదు, జొన్న గట్క కలిపి నోటి దగ్గర పెడితే రెండు ముద్దలు తిని కళ్లు మూసుకునేది. జ్వరం లేదు, నొప్పి లేదు. దెబ్బ తగిలితే కట్టు కడతాం, దీనికి ఏం కట్టాలో నాకు తెలియలేదు.

కష్టంలో ఉన్నవాళ్లను ఆదివారం ముందుకు పిలిచి నిలబెట్టి ప్రార్థన చేస్తాం కదా, అది మంచి అలవాటే, దాన్ని చెడగొట్టింది నేను. దాచిన పాపమేదో ఉంటుంది, ఒప్పుకుంటే విడుదల వస్తుందని, వరసగా ఆరు ఆదివారాలు నా బిడ్డను రెక్క పట్టి లేపి అందరి ముందు నిలబెట్టాను. "ఏం జేసినవో ఒప్పుకో బిడ్డా" అని అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఆరో ఆదివారం ఇంటికొచ్చాక తను నెమ్మదిగా అంది, "అమ్మా, నేనేం జెయ్యలే. నేను లేకుంట పోతే నీకు నిమ్మళమైతది."

గడపలోనే మోకరించాను. "ప్రభువా, నువ్విచ్చిన బిడ్డను నేనే దోషిని జేసిన. నా నోరు ముయ్యి, దాని పానం నిలుపు" అన్నాను.

తెల్లారి బండి కట్టించుకుని మిషన్ దవాఖానకు పోయాం. డాక్టరమ్మ రూతుతో చాలాసేపు మాట్లాడి నాతో, "ఇది పాపం కాదమ్మా, బద్ధకం కాదు, మనసుకు వచ్చిన జబ్బు. మందు ఇస్తాను. ఒంటరిగా వదలొద్దు, తొందరపెట్టొద్దు" అంది. తొందరపెట్టకుండా ఉండటం నాకు చేతకాదు, మా ఇంట్లో కోడి కూడా నాకు భయపడే గుడ్డు పెడుతుంది.

అయినా నేర్చుకున్నాను. కోడికూతకు లేచి పిండి కోసం జొన్నలు ఇసిరేదాన్ని, అది మానేసి పొద్దెక్కాక రూతు మంచం పక్కకే ఇసుర్రాయి జరుపుకుని ఇసరటం మొదలుపెట్టాను. "గీ యాళకు ఇసురుడేంది వదినా" అని పక్కింటివాళ్లు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టి తిప్పే రాయి అది, అవతలి వైపు ఖాళీగానే ఉండేది, నేను రమ్మనలేదు, తన కీర్తనలే నాకు వచ్చినట్టు పాడుకుంటూ రోజూ ఇసిరాను. ఒకరోజు తనే మంచం దిగి ఎదురుగా కూర్చుని పిడి మీద చేయి వేసింది.

"నాకు బలం లేదమ్మా."

"తిప్పేది నేను బిడ్డా, నువ్వు జర పట్టుకో, సాలు."

ఆ రోజుకు అంతే. మర్నాడు లేవలేదు, ఆ మర్నాడు లేచింది. అలా నెలలు గడిచాయి, మందు మానలేదు, ప్రార్థన మానలేదు. ఒకనాడు నేను పాడుతుంటే, "రాగం తప్పినవమ్మా" అని తను అందుకుంది. దేవునికే మహిమ, నా జన్మలో అంత తీపి తిట్టు తినలేదు.

జబ్బు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను సహోదరులారా, ఇప్పటికీ కొన్నాళ్లు తను గోడవైపు తిరుగుతుంది, అప్పుడు రాయి మళ్లీ మంచం పక్కకు జరుపుతాను. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే దేవుడు చేయి వదిలాడనుకోకండి, దవాఖానకు తీసుకుపోండి, ఎదురుగా కూర్చోండి, తిప్పే బలం ఆయన ఇస్తాడు, నాకిచ్చాడు.

ఈ సాక్ష్యం చెప్పనా అని నిన్న ఇసురుతూ అడిగాను. "చెప్పమ్మా, గని నన్ను నిలవెట్టకు" అంది. నా బిడ్డ మీ మధ్యనే ఉంది, వెతకకండి. పాస్టరు అయ్యగారు ఇప్పుడు కీర్తన ఎత్తుకొమ్మన్నది తననే. కూర్చునే పాడుతుంది.