నఫూద్ ఇసుక ఏ రంగు?

మా అత్తయ్యగారు విజిటింగ్ వీసా మీద సౌదీలోని అల్ ఖోబర్ వచ్చి అయిదు వారాలైంది. ఈలోగా ఆవిడ చూసినవి అజీజియాలో మా ఫ్లాటు, రెండు సూపర్ మార్కెట్లు, ఒక పుట్టినరోజు పార్టీ. తణుకు దగ్గర హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఆరో వారం మొదట్లో ఒకరోజు అన్నం తింటూ, "అల్లుడుగారూ, నఫూద్ ఎడారి ఇక్కణ్ణుంచి ఎంత దూరమండీ?" అన్నారు.

"వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంటుందండీ," అన్నాను, విషయం అంతటితో ముగుస్తుందనుకుని.

"రోడ్డు ఉందా?"

రోడ్డు ఉంది, ఆ ఎడారి అంచున ఉన్న హాయిల్ ఊరి దాకా. 2006లో మాలాంటివాళ్లు ఊరు దాటి దూరం వెళ్లాలంటే కఫీల్, అంటే మాకు ఉద్యోగమిచ్చిన యజమాని, ఉత్తరం ఇవ్వాలి. ఆఫీసులో దాన్ని టైపు చేసే హైదరాబాదీ గుమాస్తా ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. చూడ్డానికన్నాను. ఎవర్నన్నాడు. ఎవర్నీ కాదు, ఎడారిని అన్నాను. అతను ఒకసారి కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ కొంత ఉంది. తర్వాత ఏం టైపు చేశాడో నాకు తెలియదు, నాకు అరబ్బీ రాదు.

గురువారం తెల్లవారుజామున నాలుగూ నలభైకి బయల్దేరాం. నేను, నా భార్య సుజాత, వెనక సీట్లో అత్తయ్యగారు. ఆవిడ నేత చీర మీద నల్లటి అబాయా వేసుకుని, ఒళ్లో పాత స్కూలు అట్లాసు పెట్టుకున్నారు. ఎనిమిదీ నలభైకి రియాద్ పొలిమేర దాటాం. ఇడ్లీలు కార్లోనే తిన్నాం. ఈ దారిలో వెళ్లదలచినవాళ్లకు ఒక మాట: నమాజు వేళకు పెట్రోలు బంకులు, హోటళ్లు అన్నీ మూసేస్తారు. ఆ వేళలు రాసి ఉన్న కాగితం దగ్గర పెట్టుకోండి. మేము పెట్టుకోలేదు.

పన్నెండున్నరకు, ఖసీమ్ దాటాక, చెక్ పోస్టులో ఒక యువ పోలీసు ఆపాడు. ఉత్తరం చదివాడు. వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాడు.

"హాయిల్‌లో మీవాళ్లున్నారా?"

"లేరు."

"పని?"

"లేదు."

"మరి?"

"నఫూద్ చూడాలి."

"నఫూద్‌లో ఇసుక ఉంది," అన్నాడు, నాకు తెలియదేమోనని. కారు పక్కకు పెట్టమని చెప్పి, ఉత్తరం, పాస్‌పోర్టులు పట్టుకుని లోపలికి వెళ్లాడు. పావుగంట గడిచింది. ఉత్తరంలో ఏదో తేడా ఉంటే వెనక్కి పంపడమే కాదు, కఫీల్‌కి ఫోన్ చేస్తారు. నాలుగు నెలల్లో నా ఉద్యోగం కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. సుజాత నా వైపు చూడ్డం మానేసింది.

అతను తిరిగొచ్చేసరికి అత్తయ్యగారు అద్దం దించి అట్లాసు తెరిచి పట్టుకున్నారు. నఫూద్ మీద వేలు పెట్టి, తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "టీచర్. జాగ్రఫీ. థర్టీ ఇయర్స్," అన్నారు.

అతను పటం మీదికి వంగాడు. హాయిల్ కనబడింది. ఆ పైన చాలాసేపు వెతికాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఆవిణ్ణి అడక్కుండానే, పసుపురంగు మధ్యలో ఒక చుక్క పెట్టాడు.

"జుబ్బా. మా అమ్మ ఇక్కడ," అన్నాడు. పాస్‌పోర్టులు చేతిలో పెట్టి, "జుబ్బా వెళ్లండి, హాయిల్‌లో ఏం లేదు," అని పంపేశాడు.

మూడున్నరకు హాయిల్ చేరాం. ఫర్నిష్డ్ ఫ్లాట్ల రిసెప్షన్‌లో ఉన్న బంగ్లాదేశీ ఆయన పాస్‌పోర్టు చూసి, "ఈవిడ మీ అమ్మా?" అని హిందీలో అడిగాడు. అత్తగారన్నాను. "అత్తగార్ని తీసుకుని ఇంత దూరమా!" అని, అడక్కుండానే హీటరున్న గది ఇచ్చాడు. ఫిబ్రవరి చలికి ఆ హీటరే మమ్మల్ని కాపాడింది.

శుక్రవారం ఆరున్నరకు బయల్దేరి ఏడూ ముప్పావుకి జుబ్బా పొలిమేరలో ఉన్నాం. రోడ్డు పక్క పెద్ద ఇసుక దిబ్బ కనబడగానే, "ఇక్కడ ఆపండి," అన్నారు ఆవిడ. ఆపాను. రోడ్డుకి కొంచెం అవతల ఆపాను. వెనక చక్రాలు సగం దాకా దిగిపోయాయి.

ఆవిడ చెప్పులు విప్పి ఇసుకలోకి నడిచారు. నేను చేతుల్తో చక్రాల కింద తవ్వుతూ, సుజాతతో ఇంజనీరింగ్ చర్చిస్తూ ఉండగా, గడ్డి మోపులతో వెళ్తున్న పికప్ ఒకటి ఆగింది. డ్రైవరు మా మాటలు విని నవ్వుతూ దిగాడు. పేరు మస్తాన్, ఊరు రాయచోటి. పదకొండేళ్లుగా అక్కడి తోటలో పని.

"యాడికి పోతాండారు సార్, దావ తప్పినారా?"

"లేదండీ. ఇసుక చూడ్డానికొచ్చాం."

"ఇసుక సూడనీకా?" అతను మా ముగ్గుర్నీ వంతులవారీగా చూశాడు. ఇంకేమీ అడక్కుండా, నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేసి, తాడు కట్టి లాగాడు. రెండు నిమిషాల్లో కారు రోడ్డెక్కింది.

అత్తయ్యగారు మాత్రం దిబ్బ మొదట్లోనే నిలబడిపోయారు. "మస్తాన్ బాబూ," అని పిలిచారు. "ఈ ఇసుక ఎప్పుడూ ఇంత ఎర్రగానే ఉంటుందా?"

మస్తాన్ తల తిప్పి దిబ్బను చూశాడు. అప్పుడే పైకొచ్చిన ఎండలో అది కాల్చిన ఇటుక రంగులో ఉంది.

"నేనెప్పుడూ సూళ్లేదమ్మా. రోజూ ఉంటాది గదా," అన్నాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని ఇంకాసేపు చూశాడు. "ఎర్రగానే ఉండాది," అన్నాడు, కొంచెం ఆశ్చర్యంగా.

అతను వెళ్లిపోయాక ఆవిడ ఇసుకలోనే కూర్చున్నారు. పక్కన కూర్చున్నాను.

"ఏడో తరగతిలో పద్మావతని ఒక పిల్ల ఉండేదండీ. పటంలో ఎడారికి ఇటుక రంగేసింది. పసుపు పెన్సిలు అరిగిపోయిందంది. రెండు మార్కులు తీసేసి, ఎడారంటే పసుపేనని క్లాసందరి ముందూ మళ్లీ వేయించాను. వెక్కి వెక్కి ఏడ్చింది." ఇసుక గుప్పిట్లోకి తీసి వదిలారు. "ఎంత ధైర్యంగా చెప్పానండీ! నేనేదో చూసినట్టు."

ఆవిడకు పుస్తకం ఇచ్చినవాళ్లూ చూసి ఉండరని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను.

జుబ్బాలో టైర్లకు గాలి కొట్టించుకుని, కొండల మీద వేల ఏళ్ల నాటి ఒంటెల బొమ్మల్ని కంచె బయటినుంచే చూసి, తొమ్మిదిన్నరకు తిరుగు ప్రయాణం కట్టాం. పన్నెండు దాటాక జుమ్మా నమాజుకి మూసిన ఒక బంకు దగ్గర ఇరుక్కున్నాం. అక్కడ నా మొబైల్ తీసుకుని ఆవిడ ఇండియాకి ఫోన్ చేశారు. ఆ పద్మావతి ఇప్పుడు వాళ్ల వీధిలోనే టైలరింగు షాపు నడుపుతోందట. ఆవిడ జాకెట్లన్నీ ఇరవయ్యేళ్లుగా తనే కుడుతోందట. ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదట, ఇద్దరిలో ఎవరూ.

"పద్మా, నేను. సౌదీ నుంచి. నువ్వేసిన రంగే రైటు."

అవతలి గొంతు నాక్కూడా వినబడింది. "ఏ రంగు టీచర్‌గారూ? ఆ ఆకుపచ్చ జాకెట్టా?"

"కాదమ్మా. ఎడారి. ఏడో తరగతిలో."

లైను తెగిందనుకున్నాను. తర్వాత, "మీరు అది చూడ్డానికెళ్లారా టీచర్‌గారూ?" అని చాలా నెమ్మదిగా వినబడింది. అత్తయ్యగారు అవునన్నట్టు తలూపారు. ఫోనులో తలూపితే కనబడదని సుజాత గుర్తు చేయాల్సొచ్చింది.

చూసినదాని గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేది ఇంతే: రానూపోనూ రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు, ఇసుక, అందులో ఇరుక్కున్న ఒక కారు. దీనికోసం మనుషులు ఎందుకు తిరుగుతారో ఆ గుమాస్తాకీ, ఆ పోలీసుకీ నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మాత్రం చెప్పగలనా అంటే అనుమానమే. కానీ ఏడేళ్లుగా ఈ దేశంలో ఉంటున్న నేను, ఆ ఉదయం మొదటిసారి కారు దిగాననిపించింది.

మా పక్క ఊరు దమ్మామ్ ఇంకో గంటుందనగా, వెనకనుంచి అడిగారు.

"అల్లుడుగారూ, ఖఫ్జీలో ఏముంటుందండీ?"

"ఏమీ ఉండదండీ. సముద్రం, చమురు బావులు, అవతల కువైట్."

"మీరు చూశారా?"

సుజాత నిద్ర నటించడం మొదలుపెట్టింది. చూడలేదని ఒప్పుకున్నాను.