అష్టమి నాడు పీటెక్కిన పండు

మొన్న దసరాకి మా ఇంట్లో జరిగిన బాలపూజ సంగతి మీ చెవిన పడలేదా? అయితే మీరు ఏలూరులో లేరన్నమాట! మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. పెట్టుకోనివ్వండి. నేను మాత్రం తలెత్తుకునే తిరుగుతున్నాను. మీరూ నవ్వుదురుగాని, ముందు పూర్తిగా వినండి. ఆ టీ తీసుకోండి, చల్లారిపోతుంది.

మా అత్తగారిది తాడేపల్లిగూడెం. మా వాళ్ళందరిలో నవరాత్రి పూజంటే ఆవిడదే. కలశం మీద పెట్టే అమ్మవారి వెండి ముఖం ఒకటుంది, ఆవిడకి వాళ్ళ అత్తగారిచ్చింది. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. "పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నానమ్మాయ్. ఇంక పూజ మీ కోడళ్ళకి అప్పజెప్పేస్తాను" అన్నారు ఫోన్లో. కోడళ్ళం ఇద్దరం. తణుకులో ఉండే మా తోడికోడలు అన్నీ పద్ధతిగా చేసే మనిషి. నాకేమో ఉప్పు లేని పులిహోర నైవేద్యం పెట్టేసిన చరిత్ర ఉంది. మా ఆయన పక్కనుంచి అందుకున్నారు: "వదినకి ఇచ్చెయ్యమ్మా. ఈవిడకి పదకొండయితే చాలు, ఆకలికి చేతులు వణుకుతాయి."

అదిగో, ఆ మాటే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను లాక్కున్నాను.

"అత్తయ్యగారూ, ఈ ఏడు నేను చేస్తానండీ. తొమ్మిది రోజులూ ఉపవాసం ఉండి మరీ చేస్తాను!"

ఆవిడ, "సరే, చెయ్యి. అష్టమికి మేమందరం వస్తాం. సవ్యంగా చేశావా, ముఖం నీ దగ్గరే ఉండిపోతుంది. లేదంటే తణుకు పంపించేస్తాను" అన్నారు.

ఇంక చూడండి నా హడావుడి! పొద్దున్నే తలస్నానం, దీపం, పూజ. సాయంత్రం హారతి అయ్యేదాకా పాలూ పళ్ళే. టీ తాగచ్చా అని అత్తగారికే ఫోన్ చేసి అడిగాను, "ద్రవమే కదా, తాగు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని టీలు తాగానంటే, మా పాలబ్బాయి "చుట్టాలొచ్చారాండీ?" అన్నాడు. ఉపవాసం సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు. గేటు దగ్గర కనబడినవాళ్ళకి తప్ప.

అసలు కష్టం మేడ మీంచి వచ్చింది. మా పై వాటాలో కొత్తగా కొల్లేరు వైపు వాళ్ళు దిగారు. సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక, ఇంక అక్కడేం ఉంటామని ఏలూరు వచ్చేశారట. పిన్నిగారు, కొడుకు, కోడలు, ఓ చిన్న బిడ్డ. రెండో రోజు మిట్టమధ్యాహ్నం కొరమేను పులుసు వాసన మెట్లు దిగి నేరుగా నా దేవుడి గదిలోకొచ్చింది! స్తోత్రం చదువుతూ చదువుతూ ఎక్కడున్నానో మర్చిపోయాను. చేపలు తినడంలో నాకేం మొహమాటం లేదు, అదే కదా బాధ! సాయంత్రం మెట్ల దగ్గర పిన్నిగారికి నా ఉపవాసం సంగతి చెప్పాను. "అయ్యో, చెప్పరేమండీ! ఇంక దసరా అయ్యేదాకా మా పొయ్యి మీద చేప ఎక్కదండీ!" అన్నారావిడ. అన్నట్టే ఎక్కలేదు. నా భక్తికి మొత్తం బిల్డింగే శాకాహారం అయిపోయిందని మా ఆయనతో గొప్పగా చెప్పాను.

అష్టమికి బాలపూజ ఉంటుంది కదా. చిన్నపిల్లని పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, పసుపు రాసి, సాక్షాత్తూ అమ్మవారే అనుకుని పూజ చెయ్యాలి. పిల్ల కోసం వెతకడమెందుకు, మేడ మీద పండు ఉందిగా! మూడేళ్ళుంటాయేమో. రెండు జడలు, జడల్లో కనకాంబరాలు, బుగ్గన దిష్టిచుక్క. పిన్నిగారు రోజూ పిట్టగోడ దగ్గర నిలబడి, "నా తల్లే, నా బంగారే! కోడలా, పండు పాలు తాగిందా? పండు బజ్జుందా?" అంటూ ముద్దు చేస్తుంటారు. నేను వెళ్ళి అడిగాను.

"పిన్నిగారూ, అష్టమి నాడు బాలపూజండీ. మీ పండుని పంపిస్తారా?"

"ఆయ్, అంతకన్నా అదృష్టమేముంటుందండీ!" అన్నారావిడ, నా రెండు చేతులూ పట్టుకుని.

ఎర్ర పట్టు పరికిణీ కుట్టించాను. గాజులు, పువ్వులు అన్నీ పళ్ళెంలో పెట్టి ముందురోజే పైకి పంపాను. ఎక్కడా లోటు లేదు.

అష్టమి పొద్దున్న గూడెం నుంచి అత్తగారూ, తణుకు నుంచి తోడికోడలూ దిగారు. వీధిలో ముత్తయిదువులందరూ వచ్చారు. అత్తగారు కుర్చీలో కూర్చుని కలశం చూశారు, అలంకారం చూశారు, నైవేద్యాలు చూశారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నేను మా తోడికోడలి మొహం ఒక్కసారే చూశాను. సరే, రెండుసార్లు.

అప్పుడు పండుని తీసుకొచ్చారు. అబ్బ, ఏం కళండీ! పరికిణీలో, పూలజడలతో, నిజంగా బొమ్మే! పీట మీద కూర్చుని కదల్లేదు, మెదల్లేదు. చూపంతా బూరెల పళ్ళెం మీదే. కాళ్ళు కడిగాను, పసుపు రాశాను, పారాణి పెట్టాను, గాజులు తొడిగాను, దండ వేశాను, హారతిచ్చాను. మోకాళ్ళ మీద వంగి నమస్కారం పెట్టి లేచేసరికి కళ్ళు తిరిగాయి కానీ, తమాయించుకున్నాను. అత్తగారు కళ్ళొత్తుకుంటున్నారు. "ఎంత లక్షణంగా ఉందే పిల్ల! ఏదీ, నీ పేరు చెప్పు తల్లీ?" అన్నారు.

బళ్ళో వెయ్యడానికి నేర్పించారట. పండు చేతులు కట్టుకుని, ఇల్లు దద్దరిల్లేలా చెప్పింది:

"వీల వెంకట సత్యనాలాయణ!"

"మీ నాన్న పేరు కాదమ్మా, నీ పేరు."

"నాదే!"

నాకింకా అర్థం కాలేదంటే నమ్ముతారా? "వాళ్ళ తాతగారి పేరు చెప్తోందేమోనండీ" అన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ పిన్నిగారు పొంగిపోతూ ముందుకొచ్చారు. "తాత పేరేనండీ, వీడికే పెట్టుకున్నాం! మా ఇంట్లో లేకలేక పుట్టిన మగపిల్లాడు కదండీ. చిన్న తిరుపతిలో గుండు మొక్కు. మా బావగారు పోవడంతో ఏడాది ఆగాల్సొచ్చిందండీ, అందాకా ఈ జడలు!"

నేను పండుని జడల దగ్గర్నుంచి పారాణి దాకా మళ్ళీ ఒకసారి చూశాను.

"పిన్నిగారూ, నేను బాలపూజ అన్నాను కదండీ!" అన్నాను.

"అన్నారండీ. బాలలంటే పిల్లలే కదండీ? బళ్ళో బాలల దినోత్సవం చేస్తారు, అలాంటిదనుకున్నానండీ!"

"మరి పరికిణీ పంపితే?"

"అమ్మవారి పూజ కదా, అదో అలంకారమనుకున్నామండీ. గుండు చేయించేలోపు ఒక్కసారి ఆడపిల్ల వేషం వేసి ఫోటో తీయించాలని మా కోడలికి ఎప్పట్నుంచో సరదా. పొద్దున్నే స్టూడియోకి తీసుకెళ్ళి తీయించేసిందండీ, ఎంత బాగా వచ్చిందో!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. అంతే! ముత్తయిదువులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. మా ఆయన పెరట్లోకి పారిపోయారు. మా తోడికోడలు నవ్వలేదు, "అత్తయ్యగారూ, పూజ చెడినట్టే కదండీ?" అంది మెల్లిగా. వెండి ముఖం తణుకు బస్సెక్కేసినట్టే కనబడింది నాకు. ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళ ఉపవాసం, ఇంత చాకిరీ, అంతా మగపిల్లాడి పాలయింది!

కానీ ఏడుస్తూ కూర్చోలేదండీ, అదే నా గొప్ప. కళ్ళు తుడుచుకుని వీధిలోకి పరిగెత్తాను. ఇస్త్రీ బండి దగ్గర వాళ్ళమ్మతో ఉన్న ఆరేళ్ళ పిల్లని బతిమాలి తీసుకొచ్చాను. పండుని లేపబోతే పీట పట్టుకుని కెవ్వుమన్నాడు. "వాడినుండనీ అమ్మాయ్" అన్నారు అత్తగారు. "హారతిచ్చి దణ్ణం పెట్టాక ఇప్పుడు లెమ్మంటే బాగోదు. పక్కన ఇంకో పీట వెయ్యి." వేశాను. అత్తగారు ఆ పిల్లని దగ్గరికి పిలిచి, "ముందు పేరు చెప్పు తల్లీ" అన్నారు.

"భవానండీ."

"పూర్తి పేరు?"

"దుర్గాభవానండీ."

"హమ్మయ్య" అన్నారు అత్తగారు. అందరూ మళ్ళీ ఘొల్లున నవ్వారు.

పసుపు దగ్గర్నుంచి హారతిదాకా మొత్తం పూజ మళ్ళీ చేశాను. కొత్త పరికిణీ లేదు కదా, మా పెళ్ళినాటి పట్టు కండువా ఆ పిల్ల భుజం మీద వేశాను. మధ్యలో మా ఆయన గ్లాసుతో పాలు తెచ్చి, "కాస్త తాగు, పడిపోయేలా ఉన్నావు" అన్నారు. ముట్టలేదు! పూజ అయ్యేదాకా చుక్క నీళ్ళు కూడా ముట్టలేదు. పండు మాత్రం తన పీట మీద కూర్చుని బూరె మీద బూరె లాగించాడు.

సాయంత్రం బయల్దేరుతూ అత్తగారు వెండి ముఖం చుట్టే పసుపుగుడ్డ చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ తోడికోడలి వైపు చూసి, "పొరపాటు జరిగిందన్నావుగా, నిజమే. కానీ కడుపు కాలుతున్నా రెండోసారి ఒక్కటి కూడా తగ్గించకుండా చేసింది. మోకాళ్ళు బాగున్న రోజుల్లో నేనైనా అలా చేసేదాన్నో లేదో" అని, "దశమికి ముఖాన్ని ఇందులో చుట్టి దాచుకో" అంటూ గుడ్డ నా చేతిలో పెట్టారు. మా తోడికోడలు కూడా, "నిజమే చెల్లాయ్, నావల్లయ్యేది కాదు" అంది. నా సంతోషం చూడాలి! ఉపవాసమన్న మాటే మర్చిపోయాను. ఏలూరు మొత్తం మీద ఒక్క అష్టమికి రెండు పీటలేసి పూజ చేసిన ఇల్లాలిని నేనేనని ఆ క్షణంలోనే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

ఆవిణ్ణి స్టేషన్‌కి పంపడానికి ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాక అత్తగారు తల బయటికి పెట్టారు.

"అమ్మాయ్, ఇంక పూజ నీదే, ముఖం నీదే. వచ్చే ఏడు బాలని మాత్రం గూడెం నుంచి నేనే తెస్తాను."

"మీకెందుకండీ శ్రమ, అత్తయ్యగారూ! ఇక్కడే ఎవరో ఒకరిని నేను చూస్తాను కదండీ!"

"నువ్వు చూశావులే!" అన్నారావిడ. ఆటోవాడితో సహా వీధంతా నవ్వింది.