అత్త చెవిన పడిన పాస్‌వర్డ్

మా ఆసుపత్రిలో పేషెంట్ల రిపోర్టులు నర్సుల సొంత ఫోన్లకే వస్తాయి. ఫోను నాది, రీచార్జి నాది, పెత్తనం మాత్రం ఆసుపత్రిది. ఐటీ తమ్ముడొకడు వచ్చి అందరి ఫోన్లలోనూ ఒక యాప్ ఎక్కించాడు. ఫోను తెరిచే పాస్‌వర్డ్‌కి పుట్టినరోజు పెట్టకూడదు, పిల్లల పేర్లు పెట్టకూడదు, అది పొడుగ్గా ఉండాలి, వార్డులో ఎవరూ ఊహించలేనిదై ఉండాలి అని పెద్ద క్లాసు పీకాడు. ఫోను పక్కన పెట్టి తల తిప్పేలోగా లాక్ పడిపోయేట్టు కూడా చేసి వెళ్ళాడు. అంత బందోబస్తు మా ముదలియార్‌పేటలో నగల కొట్టుకి కూడా ఉండదు.

వార్డులో ఎవరూ ఊహించలేనిది అంటే నాకు తట్టింది మా ఇంటి తెలుగే. మేము పుదుచ్చేరిలో పుట్టి పెరిగినవాళ్ళం. బయటంతా తమిళం, గడప లోపల తెలుగు. వార్డులో డాక్టర్లకి అది రాదు, నర్సులకీ రాదు. ఆ ఉదయమే కాఫీ దగ్గర మా అత్తతో గొడవైంది. చక్కెర తక్కువైందని మొదలుపెట్టి, నా పెళ్ళిలో మావాళ్ళు పోసిన సాంబారు దాకా వెళ్ళిందామె. ఆ మంట మీద ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేశాను: అత్త నోరు మూస్తే పండగ.

ఇంత గట్టి పాస్‌వర్డ్ ఎవరికీ లేదని మురిసిపోయాను. ఫోను తెరిచినప్పుడల్లా కడుపు చల్లబడేది కూడా.

చిక్కల్లా ఇంట్లోనే వచ్చింది. అత్తకి చదవడం రాదు. సాయంత్రమైతే నా ఫోను లాక్కుని చెల్లెళ్ళకి వాయిస్ మెసేజీలు పంపుతూ కూర్చుంటుంది.

"ఏందే, ఫోనుకి బీగమేసినావు? అదేందో నాకు చెప్పకూడదా?" అంది.

"ఆసుపత్రి రూలత్తా. ఇంట్లోవాళ్ళకి గూడా చెప్పకూడదు."

నా జన్మలో ఏ రూలునీ అంత భక్తిగా పాటించలేదు. అడిగినప్పుడల్లా నేనే తెరిచి ఇచ్చేదాన్ని, గోడ వైపు తిరిగి.

ఎండలు ముదిరిన రోజుల్లో అత్త కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తెస్తే ఖాళీ మంచం నా వార్డులోనే దొరికింది. రక్తం తీసి సోడియం చూడమని ల్యాబుకి పంపారు. నేను గ్లవ్స్ వేసుకుని ఎదురు మంచం పేషెంటుకి పుండు కడుగుతున్నాను. ట్రాలీ మీద నా ఫోను టింగుమంది. అదే సమయానికి వార్డు ఫోను మోగింది. ఆ ముసలామె సోడియం ఎంతో వెంటనే చెప్పమని డాక్టరు. కొత్తగా చేరిన జూనియర్ నర్సు, తమిళమ్మాయి, నా ఫోను అందుకుంది.

"అక్కా, పాస్‌వర్డ్ సొల్లుంగ!" చెప్పమని తొందర పెట్టింది.

పుండు మీంచి చేతులు తీయలేను. అత్త కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందిలే అనుకుని, గొంతు తగ్గించి ఒక్కో అక్షరం చెప్పాను. ఆ పిల్లకి గుసగుసలు చేతకావు. కొట్టింది కొట్టినట్టు వార్డంతా వినబడేలా చదివింది.

"అత్త... నోరు... మూస్తే... పండగ! సరియా అక్కా?"

అత్తని తమిళంలో 'అత్తై' అంటారు, పండగని 'పండిగై' అంటారు. మధ్య రెండు మాటలూ ఆ పిల్లకి అక్కర్లేకపోయాయి. అత్తగారికి ఏదో పండగ అని తేల్చేసుకుంది. సోడియం అంకె డాక్టరుకి చెప్పి, తిన్నగా మంచం దగ్గరికెళ్ళి, మా అత్త చెయ్యి పట్టుకుని పండగ శుభాకాంక్షలు చెప్పింది.

అత్త కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. పెదాలు బిగించింది.

సోడియం పెద్దగా తగ్గలేదు, సెలైన్‌తో సర్దుకుంటుంది అనుకుంటూ డాక్టరు వచ్చాడు. పేరేంటమ్మా అని తమిళంలో అడిగాడు. జవాబు లేదు. ఇది ఏ ఊరు, ఏ నెల అన్నాడు. అత్త నాకేసి చూసి పెదాలు ఇంకా బిగించింది. పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందేమో, స్కాన్ తీయించాలి అన్నాడాయన.

"దెబ్బ కాదు సార్, అలిగింది. నా పాస్‌వర్డ్ ఉంది చూడండీ, అందులో..."

డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనా ఐటీ తమ్ముడి క్లాసులో కూర్చున్నవాడే. "పాస్‌వర్డ్ నాకు చెప్పకూడదు సిస్టర్!"

స్ట్రెచర్ వచ్చింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇది అలకేనా, లేక తలలో ఏమైనా అయిందా? నిద్రలో కూడా ఎవరినో ఒకరిని దులిపే మనిషి ఇంతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పండగ లేదు, ఏమీ లేదు. స్ట్రెచర్ పట్టుకుని పక్కనే నడుస్తూ బతిమాలాను.

"ఒక్క మాట మాట్లాడత్తా. తిట్టు, ఏం గాదు. నువ్వు పలక్కుంటే నాకు భయంగా ఉండాది."

లిఫ్టు దగ్గర అత్త నోరు తెరిచింది.

"అయితే ఆ పండగకి ఏం చేస్తావే? నీకు పాయసం గూడా రాదు గదా!"

ఇక ఆగలేదు. పాయసంలో నేను వేసే జీడిపప్పు దగ్గర నుంచి మా అమ్మ పెంపకం దాకా ఏకబిగిన సాగింది. ఏమంటోంది అని డాక్టరు అడిగితే, "అన్నీ గుర్తున్నాయి సార్" అన్నాను. కళ్ళు తుడుచుకోవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన ఊరు, నెల మళ్ళీ అడిగాడు. అత్త అవి చెప్పి, ఆయన పెళ్ళి గురించి కూడా ఆరా తీసింది. స్ట్రెచర్ వెనక్కి తిప్పించాడు.

పాస్‌వర్డ్ బయటికి చదివేస్తే ఆ డ్యూటీలోనే మార్చాలని రూలు. ఫోను తీసుకుని అత్త మంచం పక్కన కూర్చున్నాను. కొత్తది ఏం పెట్టాలో ఆమే చెవిలో చెప్పింది, నేను మాట్లాడకుండా కొట్టాను. ఇంట్లోవాళ్ళకి తెలియకూడదన్న రూలు ఆ పూట నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు వార్డులో ఫోను తెరిచిన ప్రతిసారీ, కోడలికి పాయసం రాదని నా వేళ్ళతో నేనే ఒప్పుకుంటున్నాను. ఇక్కడ రాసేశాను కాబట్టి ఇది కూడా మార్చాలి. ఏం పెట్టమంటుందో సాయంత్రం అత్తనే అడగాలి.