మాట వినపడే పెట్టె

మా వీధిలో నెమ్మదిగా మాట్లాడే మనిషి లేడు. మదనపల్లెలో మగ్గాల వీధిలో కాపురం ఉన్న వాళ్ళకెవరికైనా ఈ సంగతి తెలుసు. తెల్లారితే మొదలయ్యే టకటక రాత్రి భోజనాల దాకా ఆగదు. పాలవాడితో బేరం నుంచి మొగుడూ పెళ్ళాల అలక దాకా అన్నీ అరిచే చెప్పుకోవాలి, చాలకపోతే చేతులు తిప్పాలి. నా పుట్టిల్లు వాల్మీకిపురం దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో చూడ్డానికి వచ్చిన మా అమ్మ, "ఈడ అందరూ ఎప్పుడూ కొట్లాడతానే ఉంటారామ్మా?" అని భయపడింది. అలాంటి చోట ఒక మనిషికి చెవులు తగ్గుతున్నాయంటే ఎవరు కనిపెడతారు? ఒకే కప్పు కింద ఉండి నాకే చాలా కాలం పట్టింది.

తొంభైల్లో మా ఆయన ఇంట్లోనే గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. చేతిమగ్గమూ చప్పుడు చేస్తుంది, కానీ మనిషి ఆపితే ఆగుతుంది. నేనేదైనా చెప్తుంటే అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి వినేవాడు. తర్వాత పట్టు ధర పెరిగింది, చేతి చీర అడిగేవాళ్ళు తగ్గారు. మగ్గం విప్పేసి, ఒక సాహుకారు పెట్టిన రేకుల షెడ్డులో మరమగ్గాల మీద కూలికి చేరాడు. ఆ షెడ్డు గుమ్మంలో నిలబడితేనే నాకు తల దిమ్మెక్కేది. అందులో ఆయన పొద్దంతా ఉండేవాడు. నేను పుంగనూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. పొద్దున బస్సులో నిలబడి పోవడం, సాయంత్రం బస్సులో నిలబడి రావడం. ఇంటికి చేరేసరికి నాలో అన్నం వార్చేంత ఓపికే మిగిలేది.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఇంట్లోకి కలర్ టీవీ, దాని వెనకే డీవీడీ ప్లేయరు వచ్చాయి. గొడవ అప్పుడు మొదలైంది. "ఈ టీవీలో పాట వస్తాది గానీ మాట రాదు. అందరూ నోట్లోనే గొణుగుతాండారు" అని సౌండు పెంచేవాడు. పక్కింటి వాళ్ళు గోడ తట్టేవాళ్ళు. మగ్గాల వీధిలో పక్కింటి వాళ్ళు చప్పుడెక్కువైందని గోడ తట్టారంటే ఎంత పెంచేవాడో మీరే అనుకోండి. నేను వంటింట్లోంచి ఏదైనా అడిగితే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి అడిగితే టక్కున జవాబు చెప్పేవాడు. మొదట్లో పొగరనుకున్నాను. తర్వాత అర్థమైంది.

అర్థమైన రోజే, "చెవుల డాక్టరు దగ్గరికి ఒకసారి పోయొద్దాం" అన్నాను.

"నాకేమన్నా చెవుడా? పెట్టెలో తప్పుంటే నా చెవులేం జేస్తాయి?" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. అప్పటినుంచీ చెవిటివాడి ముందు శంఖం అనే సామెతను మా ఇంట్లో నేను నోట రానివ్వలేదు.

నాకు కావలసింది ఒక్కటే. తనకు వినపడటం లేదని ఆయన తన నోటితో అనాలి. అన్న రోజున డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు. అనకపోతే మా ఇద్దరి మధ్యా ఉన్న కాసిన్ని మాటలూ ఎండిపోతాయి. రోజంతా ఆఫీసులో, బస్సులో ఎవరెవరివో మాటలు విని ఇంటికొచ్చేదాన్ని. నా మాట వినే మనిషి ఇంట్లో తక్కువవుతున్నాడు. నాకు భయమేసేది, కోపమూ వచ్చేది. ఎక్కువ రోజులు కోపమే వచ్చేది.

ఆ సమయంలో షెడ్డులో పనిచేసే ఎవరో తమ ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టారు. ముందు మూడు పెట్టెలు, వెనక రెండు, నేల మీద దుమ్మని మోగే పెద్ద పెట్టె ఒకటి. మా ఆయన చూసొచ్చి, "మాట ఇనపడేది దాంట్లోనే" అని ధీమాగా చెప్పాడు. మాది పదడుగుల గది. మంచం వెనక గోడకే ఆనుకుని ఉంటుంది, వెనక స్పీకర్లు పెట్టాలంటే పక్కింట్లో పెట్టుకోవాలి. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నాను. నవ్వలేదు. బహుశా వినలేదు. చివరికి నా చీటీ డబ్బులోంచి పదివేలు తీసిపెట్టాను. అంతకు మించి ఒక్క రూపాయి లేదని ముందే చెప్పాను. మంచి పెట్టెలు ముందు పెట్టినా మాట వినపడకపోతే అప్పుడైనా ఒప్పుకుంటాడని నా ఆశ.

మొదట మదనపల్లెలోనే చూశాం. బస్టాండు దగ్గర పెద్ద దుకాణం, పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీ పిల్లలతో కిటకిటలాడేది. అట్టపెట్టెల మీద వేలకు వేలు వాట్లు అచ్చువేసి ఉండేవి. ఆ అంకెలన్నీ నిజమైతే మా వీధి మగ్గాలన్నిటికీ అదే కరెంటు సరిపోయేది. అమ్మే అబ్బాయి ఒక పాట పెట్టాడు. పెద్ద పెట్టె దుమ్మనేసరికి షట్టర్లు అదిరాయి. మా ఆయన గుండెమీద చెయ్యి పెట్టుకుని, "ఇది! ఈడ తగల్తాండాది సూడు" అని మురిసిపోయాడు. ధర అడిగాం. నా దగ్గరున్నదానికి మూడింతలు. "ఇంతలో అయితే రెండే రెండు పెట్టెలొస్తాయి మేడం. ఐదు కావాలంటే అవి బొమ్మలే" అన్నాడు ఆ అబ్బాయి. నిజమే చెప్పాడనుకుంటాను. ఆయన మాత్రం ఐదూ కావాలని పట్టుబట్టాడు. ఉత్తచేతులతో ఇంటికొచ్చాం.

తర్వాత పుంగనూరు. పెద్దపంజాణి నుంచి వచ్చే మా ఆఫీసు ఆవిడ ఒక దుకాణం చెప్పింది. ఆ దుకాణంవాడు వడ్రంగి చేత చెక్క పెట్టెలు చేయించి, స్పీకర్లు తెచ్చి తనే బిగిస్తాడు, అందుకే చవక. ఒక సాయంత్రం ఆఫీసయ్యాక ఆయన్నక్కడికే రమ్మన్నాను. షాపాయన మొదట తెలుగు సినిమా పెట్టాడు. మా ఆయన తలాడిస్తూ చూశాడు, ఒకచోట అందరికంటే ముందే నవ్వాడు. నా ప్రాణం లేచొచ్చింది. షాపాయన డిస్కు మార్చి తమిళం నుంచి డబ్బింగ్ చేసిన సినిమా పెట్టాడు. పెట్టెలవే, సౌండదే. మా ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఇప్పుడేమైందప్పా? మాట పొయ్యిందే. వైరు కదిలిందేమో సూడు" అన్నాడు. పాపం ఆ మనిషి వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాడు.

వైరు కదల్లేదు. డబ్బింగ్ సినిమాలో పెదాలు ఒకటంటాయి, మాట ఇంకొకటి వస్తుంది. మా ఆయన ఇన్నాళ్ళూ పెదాలు చూసి సినిమా వింటున్నాడు. షెడ్డులో ఆ మోతలో ఒకరి మాట ఒకరు అలాగే అందుకుంటారు, అదే ఇంటికీ వచ్చింది. టీవీలో మనిషి వెనక్కి తిరిగి మాట్లాడినప్పుడల్లా, "గొణుగుతాండారు" అని ఎందుకు విసుక్కునేవాడో అప్పుడు తెలిసింది. నేను ఎదురుగా వస్తేనే ఎందుకు పలికేవాడో కూడా. నేనక్కడే చెప్పేయాల్సింది. రాత్రి బస్సులో సీటు దొరికింది. పక్కపక్కనే కూర్చున్నాం, ఒక్క మాటా లేదు. దీపాల్లేని బస్సులో నా పెదాలు ఆయనకు కనపడవు కదా.

ఆయన మాత్రం వదల్లేదు. కుప్పంలో రైలుంది, బెంగళూరు సరుకు నేరుగా దిగుతుంది, చవగ్గా ఉంటుందని ఎవరో చెప్పారట. ఒక ఆదివారం బయల్దేరాం. పుంగనూరు దాటి పలమనేరు చేరకముందే ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వారానికి ఒక్కరోజు సెలవు, గుట్టెడు బట్టలు ఉతకాలి, పిండి రుబ్బాలి. వినపడని మనిషికి స్పీకర్లు కొనడానికి ఊళ్ళు దాటి పోతున్నాను. ఇంత పిచ్చిపని ఎవరైనా చేస్తారా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తల బరువుకు భుజం లాగుతున్నా కదల్చలేదు.

కుప్పం దుకాణం ఇరుకు గది. యజమాని ఫోన్లో తమిళం, మాతో తెలుగు మాట్లాడుతూ, "రాండప్పా, కూసోండమ్మా" అని మర్యాద చేశాడు. మా ధరకు సరిపడే సెట్టు ఒకటి నిజంగానే ఉంది. మా ఆయన్ను గది మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను ఆయనకు ఎదురుగా, ముందు పెట్టెల పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఐదు పెట్టెల్లోనూ ఒగదాని తర్వాత ఒగటి సప్పుడొస్తాదప్పా. యాడ మోగితే ఆ పక్క ఏలు సూపించు. అన్నీ సరిగ్గా పంజేస్తాండాయో లేదో నీకే తెలుస్తాది" అని మీట నొక్కాడు.

వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే చప్పుడు లాంటిది ఎడమ పెట్టెలోంచి వచ్చింది. మా ఆయన ఎడమకు చూపించాడు. మధ్య పెట్టె. మధ్యకు చూపించాడు. కుడి. కుడికే చూపించాడు. చప్పుడు వెనక్కి పోయింది, తల తిప్పకుండానే బొటనవేలితో వెనక కుడి మూలకు చూపించాడు. "నీ సెవులు శానా బాగుండాయప్పా!" అన్నాడు షాపాయన. మా ఆయన నావైపు చూసి నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాదే పొరపాటేమో, ఆ టీవీలోనే తప్పుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కళ్ళు తుడుచుకోవడానికి కొంగు పైకెత్తి తలొంచాను. చప్పుడు ఎడమకు వచ్చింది, మధ్యకు పోయింది, కుడికి పోయింది. ఆయన వేలు లేవలేదు. తలెత్తి చూశాను. ఆయన ఏ పెట్టెవైపూ చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. నేను తలెత్తగానే చప్పుడు మోగే వైపుకు నా చూపు పోయింది. వెంటనే ఆయన వేలూ అటే లేచింది.

అప్పుడు కళ్ళు మూసుకున్నాను. కావాలనే మూసుకున్నాను. చప్పుడు గదంతా తిరిగింది. షాపాయన, "సెప్పప్పా, ఇప్పుడు యాడ?" అన్నాడు. మళ్ళీ అడిగాడు. కుర్చీ కిర్రుమంది. కళ్ళు తెరవాలని ప్రాణం కొట్టుకుంది, బిగపట్టుకుని కూర్చున్నాను.

"కండ్లు దెరువు మే" అన్నాడాయన. "నువ్వు సూడకపోతే నాకు యాడ మోగుతాందో తెలీదు."

నేను ఇన్నాళ్ళూ వినాలని కాచుకున్న మాట అదే. విన్నాక గెలిచినట్టు లేదు. కళ్ళు తెరిచాను. షాపాయన మీట ఆపేసి, ఏదో పనున్నట్టు గల్లా దగ్గరికి పోయాడు. నేను లేచి ఎదురుగా వెళ్ళి నిలబడి, "డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను. ఈసారి కోపం రాలేదు ఆయనకు. మొండితనం అనుకున్నాను గదా ఇన్నేళ్ళూ, ఆ మొహంలో మొండితనం లేదు, ఉన్నది భయం.

"పోదాం గానీ, సాహుకారికి తెలీకూడదు మే. మగ్గంలో ఏదన్నా తప్పితే ముందు సప్పుడే మారతాది. నాకు ఆ సప్పుడు ఇనపడి శానా కాలమాయ. ఎప్పుడూ దారాలనే సూస్తా నెట్టుకొస్తాండాను. తెలిస్తే రేపే పొమ్మంటాడు. ఎవురికీ సెప్పద్దు."

గుసగుసగా చెప్తున్నాననుకున్నాడు. ఆ మాటలు దుకాణం దాటి రోడ్డు అవతల టీకొట్టు దాకా వినపడ్డాయి. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని మావైపు తిరిగి చూశారు. ఆయనకది తెలియదు. నా మొహంలోకే చూస్తున్నాడు, జవాబు కోసం. ఎవరికీ చెప్పనని తలూపాను.